బారామహల్ సంతల దారిలో

బెంగళూరు నుంచి చెన్నై వైపో సేలం వైపో వెళ్లే తెలుగువాళ్లకు హొసూరు, కృష్ణగిరి రోడ్డు పక్క ఊళ్లు. ఒకచోట ఫ్యాక్టరీ ప్రహరీలు, ఇంకోచోట టోల్‌గేటు, మధ్యలో కాఫీకి ఆగే హోటలు. ఆ యాభై కిలోమీటర్లూ గంటలో దాటిపోతాం. పెద్ద రోడ్డు వదిలి, దక్షిణ పినాకిని దిగిన వైపే, సంత రోజులు చూసుకుని దిగితే మాత్రం ఈ సీమ వేరేగా కనిపిస్తుంది. ఈసారి నేను అలాగే దిగాను.

ముందు నేల సంగతి. హొసూరు మైసూరు పీఠభూమి అంచున, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణగిరి 500 మీటర్ల దరిదాపుల్లో ఉంది. నందికొండల్లో పుట్టిన పినాకిని బెంగళూరుకు తూర్పుగా వచ్చి, కొడియాలం దగ్గర తమిళనాట అడుగుపెట్టి, ఈ రెండు ఊళ్ల మధ్య మెట్టు దిగి, చివరికి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. తమిళులు దీన్ని తెన్‌పెన్నై అంటారు. పైనున్న నేలకు పాత పేరు బాలాఘాట్, కింది లోయకు బారామహల్. తెలుగు, కన్నడ, తమిళం మూడూ కలిసిన ఈ ప్రాంతాన్నీ, కోలారు వైపు నేలనూ కలిపి స్థానికులు మొరసునాడు అని కూడా అంటారు.

పీఠభూమి నుంచి మైదానంలోకి సేనలు దిగాలన్నా, మైదానం నుంచి పైకి ఉప్పు ఎక్కాలన్నా ఈ లోయే దారి. అందుకే విజయనగరం పడిపోయాక ఇది ఎవరి చేతిలోనూ కుదురుగా లేదు. తెలుగు నాయకులు ఏలారు. 1650ల్లో మైసూరు కంఠీరవ నరసరాజ దండెత్తాడు. మరాఠాలు వచ్చారు, కడప నవాబులు వచ్చారు, ఆ తర్వాత హైదరు, టిప్పు, చివరికి ఈస్టిండియా కంపెనీ. ఇన్ని చేతులు మారిన నేల మీద ఏ గుట్ట చూసినా ఒక కోట, కోట కింద ఒక పేట. కోట కట్టింది అవతలివాణ్ని ఆపడానికి. పేట వెలిసింది అవతలివాడితో వ్యాపారం చేయడానికి. ఆ రెండింటిలో ఏది మిగిలిందో చూసి రావాలన్నదే నా ప్రయాణం.

హొసూరు

చంద్రచూడేశ్వరుడి గుట్ట ఎక్కితే హొసూరు మొత్తం కాళ్ల కింద ఉంటుంది. ఒక పక్క రామనాయకన్ చెరువు, దాని చుట్టూ పాత ఊరు, ఆవల కనుచూపు మేర అపార్టుమెంట్లు, ఫ్యాక్టరీ షెడ్లు. గుడిలో చోళుల, హొయసలుల నాటి శాసనాలున్నాయి. మార్చి ప్రాంతంలో తేరు లాగేటప్పుడు మూడు భాషలవాళ్లూ ఒకే తాడు పడతారు.

కోట ఏదని కింద బజారులో అడిగితే సగం మంది భుజాలెగరేశారు. ఒక పెద్దాయన మాత్రం చెరువు వైపు చెయ్యి చూపి, "కోట ఏడుందబ్బా, పేరే ఉండాది" అన్నాడు. ఉన్నవి కాస్త మట్టి దిబ్బలు, కందకం జాడలు. టిప్పు కాలంలో ఈ కోటను పాశ్చాత్య పద్ధతిలో బలపరిచినవాడు హామిల్టన్ అనే ఇంగ్లిషు ఖైదీ అని గజెటీర్లు చెబుతాయి. 1791 జులైలో కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన ఇటు వచ్చేసరికి టిప్పు మనుషులు కోటను వదిలి వెళ్లిపోయారు. హామిల్టన్ అప్పటికే ప్రాణాలతో లేడు. తన వాళ్లను ఆపడానికి తానే గోడ కట్టాల్సివచ్చిన మనిషి, ఆ గోడ పరీక్షకు నిలవకముందే పోయాడు. తర్వాత 19వ శతాబ్దంలో బ్రెట్ అనే సేలం కలెక్టరు ఇక్కడి చల్లదనానికి మురిసి, ఇంగ్లండులోని కెనిల్‌వర్త్ కోట నమూనాలో ఒక భవంతి కట్టించాడు. భార్య కోసం కట్టించాడని చెప్పుకుంటారు. అదీ ఇప్పుడు లేదు.

మిగిలింది బజారే. పొద్దున్నే పూల అంగళ్ల దగ్గర నిలబడ్డాను. మల్లెలు, కనకాంబరాలు మూరలు వేస్తున్న ఒకావిడ ముందు ముగ్గురు నిలబడ్డారు. ఒకరికి తమిళంలో ధర చెప్పింది, పక్కనున్న ఆమెతో కన్నడంలో వాదించింది, వెనక కూర్చున్న కొడుకును తెలుగులో కసిరింది. మధ్యలో మూర కొలిచే చెయ్యి ఆగలేదు. మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి, దారం పళ్లతో తెంపి, కొసరుగా రెండు మొగ్గలు వేసి పొట్లం కట్టింది. మీది ఏ భాషమ్మా అని అడిగాను.

"ఇంట్లో తెలుగే నాయినా. అంగట్లో ఏ బాస వస్తే ఆ బాస. బాస చూసి బేరం పోగొట్టుకుంటే ఎట్ల?"

ఊరికి ఆనుకుని మత్తిగిరి ఉంది. అక్కడ కంపెనీ 1824లో సైన్యం గుర్రాల కోసం ఒక డిపో పెట్టింది. పదహారు వందల ఎకరాలకు పైబడిన ఆ పచ్చికబయలు తర్వాత పశువుల ఫారంగా మారి ఇప్పటికీ నడుస్తోంది. మైసూరు చల్లదనం, మద్రాసు పరిపాలన రెండూ ఒకేచోట దొరకడం వల్లే డిపో ఇక్కడికి వచ్చింది. 1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చిందీ అదే లెక్క మీద. బెంగళూరు పనివాళ్లు, బెంగళూరు మార్కెట్టు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. భూమి, పన్ను తమిళనాడువి. అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ మోటారు సైకిళ్లు, టైటాన్ గడియారాలు ఈ అంచు నేల మీదే తయారవుతున్నాయి. 2019లో హొసూరు కార్పొరేషన్ అయింది. సరిహద్దు ఊరు కావడమే ఈ ఊరి పెట్టుబడి. ఆనాడు గుర్రాలకు, ఈనాడు గడియారాలకు.

నది వెంట రాయకోట దాకా

హొసూరు పక్కనే కెలవరపల్లి ఆనకట్ట. తూముల్లోంచి దూకే నీటి మీద తెల్లటి నురగ పేరుకుని, గాలి విసురుకు ముక్కలై పొలాల మీద పడుతోంది. దూరం నుంచి అందంగానే ఉంటుంది. దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాలి. బెంగళూరు మురుగూ సబ్బునీళ్లూ అంతా పినాకినిలోకే. రెండు రాష్ట్రాల అధికారులు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకుంటున్నారు. నురగ మాత్రం ఆగలేదు. ఒకప్పుడు పైనుంచి ఈ నది వెంట పెరిక ఎద్దుల మీద చింతపండు, ధాన్యం దిగేవి. ఇప్పుడు దిగుతున్నది ఇది. గట్టు మీద మడికి నీళ్లు కడుతున్న రైతును అడిగితే, "ఈ నీళ్లు కాకుంటే ఏ నీళ్లు సామీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ దారిలోనే తొరపల్లి. రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న పుట్టిన ఊరు. ఆయన తండ్రి ఇక్కడి మునసబు. పుట్టిన ఇంటిని ప్రభుత్వం స్మారకంగా ఉంచింది: పెంకుటిల్లు, వసారా, గోడల మీద ఫొటోలు. తమిళ కుటుంబం, చుట్టూ తెలుగూ కన్నడమూ మాట్లాడే రైతులు, చదువు మొదట హొసూరులో, తర్వాత బెంగళూరులో. రాష్ట్రాల హద్దులు గీయాల్సివచ్చిన కాలంలో మద్రాసును నడిపిన మనిషి, హద్దు ఎక్కడో తేల్చలేని ఊళ్లో పుట్టాడు.

కెలమంగళం మీదుగా రాయకోట చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరి మీదికి వంగినట్టున్న గుట్ట, దాని మీద కోట. ఘాట్ నోట్లో ఉన్నందుకే దీనికంత విలువ. 1791 జులైలో కంపెనీ సేన దీన్ని పట్టుకుంది. మరుసటి ఏడాది శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ కంపెనీకి దక్కాక, రాయకోట మైసూరు వైపు తెరిచిన తలుపైంది. 1799 మార్చిలో టిప్పు మీదికి వెళ్లిన జనరల్ హారిస్ సేన ఇటుగానే పైకెక్కింది. ఆ యుద్ధంతో టిప్పు పోయాడు, హొసూరు సీమ కూడా కంపెనీదైంది. హద్దు మాయమైన రోజే రాయకోటకు పని లేకుండా పోయింది.

కోటకు పని లేదు కానీ ఊరికి ఉంది. రోడ్డుకు రెండు వైపులా టమాటా క్రేట్లు మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. మండీ లోపల నేలంతా ఎర్రటి రసం, చెప్పులు అతుక్కుంటున్నాయి. వేలం పాడే కుర్రాడు ఒక క్రేటులోంచి కాయ తీసి, వేలితో నొక్కి, మళ్లీ పెట్టి, నంబరు అరుస్తున్నాడు. కొనేవాడు తల ఊపితే చాలు, చీటీ చిరుగుతుంది. లోడయిన లారీలు చెన్నై వైపూ కేరళ వైపూ బయల్దేరుతున్నాయి. యుద్ధాలప్పుడు సైన్యాలకు గింజ మోసింది లంబాడీల ఎద్దులు. 1791లో కార్న్‌వాలిస్ దండు ఆకలికి మాడకుండా నిలబడిందంటే వాళ్ల చలవే. ఇప్పుడు అదే ఘాట్ మీద మినీ లారీలు పరుగెడుతున్నాయి.

నడుమ కొంతకాలం చిన్న రైలు కూడా ఉండేది. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో వేసిన నారోగేజి పట్టాలు 1913లో ఘాట్ ఎక్కి హొసూరు చేరాయి. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి అంతకుముందే, 1905లో, ఇంకో లైను వచ్చింది. మోటారు బస్సులతో పోటీ పడలేక రెండో ప్రపంచ యుద్ధం నాటికి రెండూ మూతపడ్డాయి. హొసూరుకు తర్వాత వేరే లైను వచ్చింది. జిల్లా కేంద్రమైన కృష్ణగిరికి మాత్రం ఈరోజుకీ రైల్వే స్టేషను లేదు.

కుందారపల్లిలో శుక్రవారం

కృష్ణగిరి చేరక ముందే కుందారపల్లి. శుక్రవారం తెల్లవారుజామున ఇక్కడ దిగినవాడికి దారి అడగాల్సిన పని ఉండదు, మేకల అరుపులే దారి చూపిస్తాయి. కుప్పం వైపు నుంచి, కోలారు వైపు నుంచి, ధర్మపురి నుంచి టెంపోలు, ఆటోలు, ద్విచక్ర వాహనాల మీద మధ్యలో ఇరికించుకున్న గొర్రెపిల్లలు. టీ దుకాణం ముందు నిలబడితే అయిదు నిమిషాల్లో మూడు యాసల తెలుగు వినొచ్చు.

పశువుల వైపు ఒక బేరం దగ్గర చూశాను. అమ్మేవాడు, కొనేవాడు, మధ్యలో దళారి. దళారి భుజం మీది తువ్వాలు తీసి, అమ్మేవాడి కుడిచెయ్యి దాని కిందికి లాక్కున్నాడు. పైకి ఇద్దరూ వానల గురించి మాట్లాడుతున్నారు. గుడ్డ కింద వేళ్లు కదులుతున్నాయి. ఎన్ని వేళ్లు పడితే అన్ని వేలు, వేలిని సగానికి నొక్కితే సగం. అమ్మేవాడు తల అడ్డంగా ఊపి చెయ్యి లాక్కున్నాడు. దళారి వదల్లేదు, మళ్లీ పట్టాడు. ఈసారి కొనేవాడి వైపు తిరిగి అతని వేళ్లూ అదే గుడ్డ కింద నొక్కాడు. చుట్టూ పదిమంది ఉన్నా ధర ఎంతో ఆ ముగ్గురికే తెలుసు. కుదిరిన గుర్తుగా కొనేవాడు బయానా నోటు తీసి ఎద్దు నుదుటికి తాకించి ఇచ్చాడు. ఎంతకు కుదిరిందని దళారిని అడిగాను.

"చెప్తే గుడ్డ ఎందుకన్నా?" అని నవ్వి, తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

ఈ లోయలో పశువు ఎంత విలువైనదో తెలుసుకోవాలంటే కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలోని వీరగల్లులు చూడాలి. శతాబ్దాల నాటి రాళ్లు: చేతిలో విల్లో కత్తో పట్టిన వీరుడు, ఒంటికి గుచ్చుకున్న బాణాలు, కొన్నిటి మీద మూలన చిన్నగా ఆవుల మంద. మందను తోలుకుపోయే దొంగల్ని అడ్డుకుని చనిపోయిన ఊరివాళ్ల జ్ఞాపకానికి నిలిపినవి. వాళ్ల కోసం రాజులు గుడులు కట్టలేదు. ఊళ్లే రాళ్లు నిలిపాయి. సూళగిరి దగ్గర మల్లచంద్రంలో బండరాళ్లతో పేర్చిన సమాధి గదులు అంతకన్నా పాతవి. బర్గూరు వైపు మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీస్తు పూర్వం 2172 నాటిదని తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. నాలుగువేల ఏళ్ల కిందట ఇక్కడ ఇనుము కరిగించినవాళ్లకు ఏ రాజ్యం హద్దూ అడ్డులేదు. పశువు, ఇనుము, ఉప్పు: ఈ లోయ వ్యాపారం ఈ మూడింటితోనే మొదలై ఉంటుంది.

కృష్ణగిరి: కొండ పైన, కొండ కింద

కృష్ణగిరి కోటను స్థానికులు కృష్ణదేవరాయలు కట్టించాడంటారు. ఏకశిల లాంటి నల్లటి కొండ. రాతిలో తొలిచిన మెట్లు కొంత దూరం, ఆపైన బండ మీదే నడక. ఎండెక్కితే బండ పెనం. సగం దూరంలో కూలిన గోడలు, పైన ఇటుక గోడల గిడ్డంగులు, వాన నీరు నిలిచే దొనలు, సయ్యద్ బాషా దర్గా. ఊళ్లో చాలామంది కొండను సయ్యద్ బాషా కొండ అనే పిలుస్తారు.

1791 నవంబరులో మాక్స్‌వెల్ అనే బ్రిటిషు అధికారి దీని మీద దాడి చేశాడు. పేటనూ కింది కోటనూ పట్టుకున్నాడు. పారిపోతున్న టిప్పు సైనికుల వెంటే పై కోటలో జొరబడాలని చూశాడు. తలుపులు మూసుకున్నాయి. పైనుంచి బండరాళ్లు దొర్లాయి. నిచ్చెనలు విరిగాయి, మనుషులు పోయారు, చివరికి పేటను తగలబెట్టి వెనక్కి తగ్గాడు. నాలుగు నెలలకే ఒప్పందం కాగితం మీద కోట కంపెనీ చేతికి వచ్చింది. బలంతో లొంగని కొండ సంతకంతో లొంగింది.

పైన నిలబడితే ఆ దాడి ఎందుకు జరిగిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. చెన్నై, బెంగళూరు, సేలం, తిరువణ్ణామలై, కుప్పం: అయిదు దారులు కింద కలుస్తున్నాయి. కాశ్మీరు నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ కొండ నీడలోంచే వెళుతుంది. అప్పుడు ఈ కూడలిని చూస్తూ ఫిరంగులు ఉండేవి, ఇప్పుడు టోల్‌గేటు ఉంది.

కంపెనీ బారామహల్‌ను కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ చేతికి ఇచ్చింది. అతని కింద ముగ్గురు సైనికాధికారులు: ఉత్తరాన గ్రాహం, దక్షిణాన మెక్లౌడ్, నడుమ ధర్మపురిలో థామస్ మన్రో. 1792 నుంచి 1799 దాకా వీళ్లు ఊరూరా తిరిగి, పొలం పొలం కొలిపించి, రైతు రైతుకూ విడిగా శిస్తు కట్టారు. ఏ ఊళ్లో ఏ కులాలు, ఏ పంటలు, ఏ సుంకాలు, ఏ సంతలు అన్నీ రాయించారు. అవే తర్వాత బారామహల్ రికార్డులుగా అచ్చయ్యాయి. రాయలసీమలో మాండవ్య రుషి అంతటివాడని పేరు పొందిన మన్రోను మనవాళ్లు దత్తమండలాల కలెక్టరుగానే గుర్తుపెట్టుకున్నారు. 1800లో ఆయన అనంతపురానికి వచ్చేటప్పటికే రైత్వారీ విద్య అంతా ఈ లోయలో నేర్చుకున్నాడు. మన సీమ రైతు పట్టా పుస్తకం మొదటి పేజీ బారామహల్‌లో రాశారన్నమాట.

కొండ దిగి పాతపేటకు వచ్చాను. మాక్స్‌వెల్ తగలబెట్టిన పేట మళ్లీ లేచి నిలబడి, ఇప్పుడు చింతపండు వ్యాపారానికి పేరు మోసింది. సీజనులో వీధి మొదట్లోనే పులుపు వాసన పళ్లను జివ్వుమనిపిస్తుంది. అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని పెంకు కొట్టి, ఈనెలు లాగి, పిక్కలు ఒక పక్కకు, పండు ఒక పక్కకు తీస్తున్నారు. ఎడమచేత్తో కాయ తిప్పడం, కుడిచేత్తో చిన్న సుత్తి దెబ్బ, పిక్క ఎగిరి గంపలో పడటం: చూస్తున్నంతలో కిలో తేలింది. కూలి కిలో లెక్క. వేళ్ల కొసలు నల్లబడి పగిలి ఉన్నాయి. సరుకు కర్ణాటక నుంచీ ఆంధ్ర నుంచీ వస్తుంది, బాగు చేయించుకుని మళ్లీ అటే చాలావరకు పోతుంది. మన పులుసులోని పండు ఎక్కడ పిక్క వదిలిందో మనం ఎప్పుడూ అడగం.

జగదేవి, కావేరిపట్నం

కృష్ణగిరికి తూర్పున జగదేవి. పేరు మిగిలిన ఊరు, కోట కూలిన గుట్ట. 16వ శతాబ్దం చివర బిజాపూరు సేనలు పెనుకొండను ముట్టడించినప్పుడు దాన్ని కాపాడిన తెలుగు బలిజ నాయకుడు జగదేవరాయలు. అందుకు విజయనగర రాజు ఆయనకు బారామహల్ ఇచ్చాడు. ఆయన మొదట ఇక్కడ ఉండి, తర్వాత చెన్నపట్నకు, అంటే ఇప్పుడు బొమ్మలకు పేరుపడ్డ చన్నపట్నకు, రాజధాని మార్చాడు. కృష్ణగిరి, జగదేవి, మహారాజగడ, తట్టక్కల్... ఇలా పన్నెండు కోటల లెక్క చెబుతారు. 1630లో మైసూరు చన్నపట్నను లాక్కోవడంతో ఆ వంశం కథ ముగిసింది.

జగదేవరాయల వెంటా, ఆయనకు ముందూ వెనకా, తెలుగువాళ్లు ఇటు దిగారు. రైతులు, బలిజ వ్యాపారులు, సాలెవాళ్లు, గొర్రెల కాపరులు. నాలుగు వందల ఏళ్లు గడిచినా గుట్ట కింద పొలంలో అలికిడికి తిరిగి చూసిన ముసలావిడ నన్ను, "యా ఊరు నాయినా మీది?" అని తెలుగులోనే పలకరించింది. కోట ఎవరిదో ఆమెకు తెలియదు. మామిడి తోట ఎవరిదో, ఈ ఏడు తోతాపురి ఎంతకు పోయిందో తెలుసు. ఈ జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు నిలయం. ఇక్కడి సంతూరు అనే ఊరి అంటుమొక్కలు మన చిత్తూరు తోటల్లోనూ కనిపిస్తాయి.

సేలం దారిలో కావేరిపట్నం పినాకిని ఒడ్డున ఉంది. దీనికి ఎగువన కృష్ణగిరి రిజర్వాయరు, 1957లో కామరాజ్ ప్రారంభించింది. 2017 నవంబరులో ఒక గేటు విరిగి నీరంతా పోయినప్పుడు ఈ దిగువ ఊళ్లే భయంతో నిద్ర మానాయి. మొదటి మైసూరు యుద్ధంలో, 1767లో, హైదరూ కంపెనీవాళ్లూ ఈ ఊరి కోసం కొట్టుకున్నారు. కోట గురించి అడిగితే దారి చెప్పినవాళ్లు తక్కువ. నిప్పట్లు ఎక్కడ బాగుంటాయని అడిగితే వీధంతా చెప్పింది. బియ్యప్పిండి, పప్పు, కారం కలిపి తట్టి నూనెలో వేయించిన ఈ చెక్కలు ఊరి పేరుతోనే అమ్ముడుపోతాయి.

పోచంపల్లి ఆదివారం

పోచంపల్లి అనగానే మనకు ఇక్కత్ చీరల ఊరు తోస్తుంది. కృష్ణగిరి జిల్లాలోనూ ఒక పోచంపల్లి ఉంది, అక్కడి ఆదివారం సంత తమిళనాట పెద్ద సంతల్లో ఒకటి. సూది నుంచి బంగారం దాకా దొరుకుతుందని పేరు. నిజంగానే ఒక వరసలో కొడవళ్లు, పలుగులు. ఇంకో వరసలో విత్తనాలు, తాళ్లు, గంపలు. గుడారం కింద గాజు పెట్టెలో చెవి కమ్మలు, ముక్కుపుడకలు తూచి అమ్మేవాళ్లు. ఎండుచేపల వరస పక్కనే పంచెలు, లుంగీలు. సంత చివర కోళ్లు. సాయంత్రానికి అంతా లేచిపోతుంది, సోమవారం పొద్దున వస్తే ఖాళీ మైదానం.

ఇలాంటి సంతలే ఈ సీమలో తొలి ఊళ్లకు విత్తనం అయి ఉంటాయి. వారానికోసారి నాలుగు దారులు కలిసినచోట సరుకు దిగింది. తర్వాత నాలుగు గుడిసెలు లేచాయి. ఆపైన పేట, పేటకు కాపలాగా కోట. కోట ముందు పుట్టిందనుకోవడం రాజుల చరిత్ర చదివిన అలవాటు. ఈ లోయలో నేను చూసినంతలో కోటలన్నీ పాడుబడ్డాయి, పేటలన్నీ నడుస్తున్నాయి. సంతలో గింజ కొలిచేవాడు ఏ జెండా ఎగిరినా కొలుస్తూనే ఉన్నాడు.

తెలుగు సంగతి కూడా అంతే. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు హొసూరు సీమ మద్రాసులోనే ఉండిపోయింది. 2006లో తమిళనాట బడుల్లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. తెలుగు మీడియం బళ్లు చిక్కిపోయాయి, టీచర్ల ఖాళీలు నిండడం లేదు. "మా పిల్లోళ్లు తెలుగు మాట్లాడతారు, చదవను రాదు" అన్న మాట నాకు హొసూరు నుంచి పోచంపల్లి దాకా వినిపించింది. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు మన పత్రికలు ఒకరోజు మురిశాయి. ఆ మర్నాటికి మరిచాయి. తెలుగును ఇక్కడ నిలబెట్టింది ప్రభుత్వాలు కావు, పూలమ్మే తల్లీ, తువ్వాలు కింద వేళ్లు నొక్కే దళారీ. అయితే సంత భాషను మాట్లాడించగలదు, చదివించలేదు. అది బడి పని.

అందుకని ఆ రోడ్డున పోయే తెలుగువాళ్లకు ఒక మనవి. ఈసారి ఆదివారం చూసుకుని బయల్దేరండి, టోల్‌గేటు దాటాక పోచంపల్లి వైపు తిరగండి, తెలుగులోనే బేరం ఆడండి. తిరుగు ప్రయాణంలో హొసూరు చుట్టుపక్కల తెలుగు చెప్పే బడి ఏదైనా వెతికి, ఇంట్లో మీ పిల్లలు చదివేసిన కథల పుస్తకాలు నాలుగు అక్కడ ఇచ్చి రండి. తీసుకునే చేతులు ఇంకా ఉన్నాయి.